సేలంలో కాల్చలేదు, ఉరి తీశారు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మూఢనమ్మకాల మీద మీరు వేసిన వ్యాసంలో, అమెరికాలోని సేలంలో వందలమందిని మంత్రగత్తెలని సజీవంగా తగలబెట్టారని ఉంది. అక్కడ ఎవరినీ తగలబెట్టలేదు. 1692లో 19 మందిని ఉరి తీశారు, అందులో ఐదుగురు మగవాళ్లు. గైల్స్ కోరీ అనే ముసలి రైతు ఆ కోర్టు విచారణకు తలొగ్గనన్నందుకు అతని మీద బండరాళ్లు పేర్చి చంపారు. ఇంకొందరు జైల్లోనే పోయారు.

అంకెల కోసమే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. వ్యాసకర్త మెదక్ వైపు బాణామతి నెపంతో మనుషుల పళ్లు పీకడాన్నీ, సేలంనూ ఒకే గాట కట్టి, ‘భక్తి ముదిరితే ఇంతే’ అని తేల్చేశారు. నేను లూథరన్ క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. నా అభ్యంతరం అక్కడ.

సేలంలో నేరం ఒప్పుకుని ఆ మాట మీదే ఉన్నవాళ్లలో ఒక్కరికీ ఉరి పడలేదు. అలా దాదాపు 50 మంది ఒప్పుకున్నారు. శామ్యూల్ వార్డ్‌వెల్ ముందు ఒప్పుకుని, తర్వాత అది అబద్ధమన్నాడు. అతన్ని ఉరి తీశారు. అంటే ఒక్క అబద్ధంతో ప్రాణం దక్కేది. మరి మిగతావాళ్లు ఎందుకు ఆడలేదు? చదువుకున్న హేతువాదులై కాదు. దేవుడి ముందు అబద్ధమాడితే ఆత్మ పోతుందని నిజంగా నమ్మినవాళ్లు కాబట్టి. పాస్టర్లు ఏ దేవుడి పేరు చెప్పి బెదిరించారో, వీళ్లు ఆ దేవుడికే భయపడి లొంగలేదు.

రెబెక్కా నర్స్‌కు 71 ఏళ్లు, చెవుడు. జ్యూరీ మొదట ఆమె నిర్దోషి అనే చెప్పింది. జడ్జి మళ్లీ ఆలోచించమన్నాడు. ఆ తర్వాత జ్యూరీ మాట మార్చి దోషి అంది, చర్చి ఆమెను వెలివేసింది. ఉరి జూలై 19న. ఆమె చెల్లెలు మేరీ ఈస్టీ, తన వంతు రాబోతోందని తెలిసి కోర్టుకు అర్జీ పెట్టుకుంది. నా ప్రాణం కోసం అడగడం లేదు, ఇక నిర్దోషుల రక్తం చిందనివ్వకండి, మంత్రాలతో పీడిస్తున్నారని నిందలు వేసేవాళ్లను విడివిడిగా ఉంచి గట్టిగా ప్రశ్నించండి, ఒప్పుకున్నవాళ్లలో కొందరిని కూడా విచారించండి అంది. నా ఆత్మ మీద నేనే అబద్ధం చెప్పలేనంది. ఆ వయసులో, ఆ జైల్లో ఉండి జడ్జీలకు దర్యాప్తు ఎలా చేయాలో చెప్పిందావిడ! సెప్టెంబర్ 22న ఉరి తీశారు.

పాస్టర్లందరినీ ఒకే మాట అనను. ఇంక్రీజ్ మాదర్ అనే పెద్ద పాస్టర్, ఒక్క నిర్దోషికి శిక్ష పడేకన్నా పదిమంది అనుమానితులు తప్పించుకున్నా నయమే అన్నాడు. అన్నది అక్టోబర్‌లో. అప్పటికి ఉరితీతలన్నీ అయిపోయాయి.

మార్గరెట్ జేకబ్స్ అనే టీనేజి పిల్ల బెదిరిపోయి, సొంత తాతనే ఇరికించింది. తర్వాత మాట వెనక్కి తీసుకుంది. తాత ప్రాణం దక్కలేదు. తను కూడా పోతానని తెలిసే ఆ పని చేసింది. విచారణ రోజుల్లో జబ్బు పడటంతో కేసు వాయిదాపడి బతికింది. ఈ పిల్లది కూడా భక్తే కదా.

సవరణ వేస్తే ఉరి అని, 19 మంది అని వేయండి. భక్తి గురించి రాసిన ఆ చివరి వాక్యం సంగతి వ్యాసకర్తకే వదిలేస్తున్నాను.

– విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, బాపట్ల