కార్న్ స్నేక్ అమ్మేవాళ్లు మార్ఫ్ పేరు బిల్లు మీద రాయాలి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో కార్న్ స్నేక్‌లు పెంచుకునేవాళ్లు ఇప్పుడు మా చుట్టుపక్కల కూడా కనిపిస్తున్నారు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము అది, విషం లేదు, శాంతంగా ఉంటుంది, బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. పెంచుకోవడం తప్పని నేను అనడం లేదు. అమ్మే పద్ధతి గురించే నా బాధంతా, ఎందుకంటే వీటి ధర రంగూ మచ్చల తీరు బట్టి, అంటే మార్ఫ్ బట్టి ఉంటుంది, ఆ మార్ఫ్ ఏదో చెప్పేది మాత్రం అమ్మేవాడి నోటిమాటే.

మా అక్క కొడుకు పోయినేడాది ఒక దుకాణంలో చార్‌కోల్ అనే మార్ఫ్ అని చెప్పిన పాము పిల్లని, అనెరీ (ఎరుపు రంగు లేని మామూలు మార్ఫ్) కంటే బాగా ఎక్కువ పెట్టి కొన్నాడు. పిల్లలుగా ఉన్నప్పుడు ఈ రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి: బూడిద రంగు ఒళ్లు, ముదురు మచ్చలు, నల్ల కళ్లు. కుబుసాలు విడుస్తూ పెరిగేకొద్దీ వాడి పాముకి గడ్డం కింద, మెడకి రెండు పక్కలా పసుపు తేలింది. అది అనెరీకి వయసుతో వచ్చే పసుపు, చార్‌కోల్‌కి సాధారణంగా రాదు. వెళ్లి అడిగితే 'మాకు పైనుంచి అలాగే వచ్చింది' అన్నారు, బిల్లు చూస్తే 'స్నేక్ - 1' అని తప్ప ఇంకేం లేదు, ఇక ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం?

కొన్ని మార్ఫ్‌లు కంటితో తెలుస్తాయి, కాదనను. అమెల్‌కి నలుపు ఉండదు, కళ్లు ఎర్రగా ఉంటాయి. మాట్లీ అంటే వీపు మీద మచ్చలు ఒకదానితో ఒకటి కలిసి మధ్యలో గుండ్రాలు ఏర్పడతాయి, పొట్ట మీద మామూలు పాముకుండే చదరంగం గళ్లు ఉండవు, కాబట్టి మాట్లీ అంటే పొట్ట చూపించమని అడగండి. ఇంకో సంగతి, కుబుసం విడిచే ముందు ఏ పామైనా మసకబారి, కళ్లు నీలంగా పాలరంగు తిరుగుతాయి, ఆ సమయంలో రంగు చూసి నిర్ణయించకూడదు. కానీ కంటికి కనబడనిదే ఎక్కువ డబ్బు లాగుతోంది. స్నో అనే తెల్లటి మార్ఫ్ కావాలంటే అమెల్, అనెరీ జన్యువులు రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. ఒక పక్క నుంచే వస్తే పాము మామూలుగానే కనిపిస్తుంది, దాన్నే హెట్ అంటారు. '66 శాతం హెట్' అని అమ్ముతుంటారు, అంటే ఆ పాములో ఆ జన్యువు దాగి ఉండటానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉందని, అది కూడా తల్లిదండ్రులిద్దరూ హెట్ అని రుజువైతేనే. ఆ రికార్డు లేకపోతే ఆ అంకెకి విలువే లేదు. ఇది ఊహాగానాల వ్యవహారం కాదు, అమెల్‌కి కారణం ఓసీఏ2 అనే జన్యువులో మార్పు అని జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2015లోనే చూపించారు.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది అంటే, ఈ పాము గురించి విడిగా రాసిన నియమం ఏదీ లేదు. విదేశీ జంతువుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలన్న 2024 నియమాలు, అంతర్జాతీయ జంతు వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నవాటికే, కార్న్ స్నేక్ అందులో లేదు. పెట్ షాపుల మీద 2018లో వచ్చిన నియమాలేమో కుక్కలు, పిల్లులు, కుందేళ్లు, ఎలుకల జాతులు, పక్షుల పేర్లు చెప్పి, మిగతావాటిని చట్టం నిషేధించని ఇతర జంతువులు అని ఒక్క మాటలో కలిపేస్తాయి, పాముల పేరు విడిగా లేదు. దీనివల్ల కొనేవాడి జేబు ఒక్కటే కాదు నష్టపోయేది. మన అడవిలో పట్టిన, చట్టం కాపాడే పాముని ఎవరైనా వింత మార్ఫ్ అని అంటగడితే కొనేవాడు చట్టం ముందు ఇరుక్కుంటాడు. ఇంట్లోంచి తప్పించుకున్న కార్న్ స్నేక్‌ని మచ్చలు చూసి రక్తపింజర అనుకుని అపార్ట్‌మెంట్ వాళ్లు కర్రతో కొట్టేస్తారు. ఇంకా భయం వేసేది, తెల్లగా ఎర్ర కళ్లతో ఉన్న పాముని చూసి స్నో అనుకుని చేత్తో పట్టుకునే పిల్లలు. నాగుపాముల్లో కూడా అల్బినోలు, అంటే ఒంటికి రంగు లేనివి, పుడతాయి. బయట ఏ పాము కనిపించినా రంగు చూసి పేరు పెట్టకుండా పాముల్ని పట్టి కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకి ఫోన్ చేయాలి.

అటవీశాఖనీ, రాష్ట్ర జంతు సంక్షేమ మండలినీ మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. పాము అమ్మే ప్రతి దుకాణం, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు సహా, బిల్లు మీద జాతి పేరు, గుడ్డు పగిలిన తేదీ, తల్లిదండ్రుల మార్ఫ్‌లు, చెప్పిన మార్ఫ్ రుజువైనదా అంచనానా అన్నది రాసి సంతకం పెట్టేలా ఉత్తర్వు ఇవ్వాలి. నాలుగు లైన్ల కాగితం, ఎవరికీ భారం కాదు. అది వచ్చేదాకా కొనేవాళ్లు తల్లిదండ్రుల ఫొటోలు అడగండి, చూపించకపోతే మామూలు పాము ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి.

— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్