ఊరు నిలబెట్టుకున్న వాద్యబృందం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల సంగీత తరగతుల్లో పిల్లలు సింఫనీ ఆర్కెస్ట్రా అనే పెద్ద పాశ్చాత్య వాద్యబృందపు సంగీతం వింటూ, అందులోని వాద్యాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం నేర్చుకుంటున్నారు. వాద్యాల పేర్లు వారికి త్వరగానే పట్టుబడతాయి. అయితే అంతమంది వృత్తి కళాకారులను ఏళ్ల తరబడి ఒకచోట నిలిపి ఉంచుతున్నది ఎవరో కూడా వారు తెలుసుకోవాలని నా కోరిక. ఈ సంగతి మీరు ఇంట్లో వారితో మాట్లాడడానికి వీలుగా ఉంటుందని ఈ లేఖ రాస్తున్నాను.

ఒకప్పుడు యూరప్‌లో ఇటువంటి బృందాలను ఎక్కువగా రాజులు, ప్రభువులు పోషించేవారు. 1743లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో వర్తకులు, పౌరులు తామే డబ్బు వేసుకుని ఒక కచేరీ సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. నేటి గేవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా దాని నుంచే పుట్టింది. 1842లో న్యూయార్క్‌లో వాద్యకారులే కలిసి ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రాను స్థాపించి, వచ్చిన రాబడిని తమలో తాము పంచుకున్నారు. బోస్టన్‌లో 1881లో మొదలైన ఆర్కెస్ట్రా నష్టాలనైతే హెన్రీ లీ హిగ్గిన్సన్ అనే ఒక్క ధనికుడే చాలా ఏళ్లు భరించాడు. ఆయన ఔదార్యం గొప్పదే, కానీ ఒక్కరి చేతిమీద నడిచే సంస్థకు ఆ చెయ్యి ఆగిన రోజున దిక్కెవరన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

ఆ ప్రశ్న ఎందుకు తప్పదో ఒక ఉదాహరణతో చెబుతాను. సంగీతకర్త బీథోవెన్ రాసిన ఐదవ సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా కోసం కూర్చిన ఒక పెద్ద రచనను, 1808లో వియన్నాలో మొదటిసారి వాయించారు. ఈనాడు దాన్ని వాయించడానికి కూడా ఇంచుమించు అంతమందీ, అర్ధగంటకు పైగా సమయమూ కావలసిందే. యంత్రాలు వచ్చి తక్కిన పనులెన్నింటినో తేలిక చేశాయి గానీ, ఈ పనిలో ఒక్క మనిషినీ తగ్గించలేవు. అందువల్ల టికెట్ల డబ్బుతోనే ఆర్కెస్ట్రా నడవడం అరుదు. విరాళాలో, ప్రభుత్వ సాయమో, ఊరివారి అండో తోడు కావాలి.

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరం దీన్ని అనుభవంలో తెలుసుకుంది. 1936లో ఏర్పడిన అక్కడి సింఫనీ ఆర్కెస్ట్రా 1991లో ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. ఉద్యోగాలు పోయిన వాద్యకారులు తలోదారీ పట్టకుండా, అదే ఏడాది లూసియానా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాను తామే స్థాపించి, వాయించడంతో పాటు నిర్వహణ భారాన్నీ తలకెత్తుకున్నారు. వారి పాలకమండలిలో కళాకారులు నగరవాసులతో కలిసి కూర్చుంటారు. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను వచ్చి వారి వేదిక అయిన ఆర్ఫియం థియేటర్‌ను ముంచెత్తింది, కళాకారులు దేశమంతటా చెల్లాచెదురయ్యారు. అయినా అక్టోబరులో నాష్‌విల్ నగరపు ఆర్కెస్ట్రా ఆతిథ్యంలో మళ్ళీ ఒక్కటై వాయించారు; అదే నెలలో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో కలిసి కచేరీ చేశారు. 2006లో సొంత ఊరికి తిరిగివచ్చాక కూడా ఏళ్ల తరబడి చర్చిల్లోనూ, విశ్వవిద్యాలయాల ఆడిటోరియాల్లోనూ వాయిస్తూ నెట్టుకొచ్చి, 2015లో బాగుపడిన ఆర్ఫియంలో మళ్ళీ అడుగుపెట్టారు. ఊరు ఇంకా కోలుకోకముందే వారు తిరిగివచ్చారన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన విషయం.

‘ఊరి ఆర్కెస్ట్రా’ అనగానే తీరిక వేళల్లో సరదాగా వాయించేవారి బృందమని కొందరు అనుకుంటారు. అటువంటి బృందాలూ ఉన్నాయి, వాటి గౌరవం వాటికి ఉంది. కానీ ఊరి మద్దతుతో నడిచే వృత్తి ఆర్కెస్ట్రాలో చోటు దొరకడం చాలా కష్టం. ఎంపిక పరీక్షలో అభ్యర్థి ఎవరో తెలియకుండా తెర వెనక నుంచి వాయించమనడం ఎన్నో చోట్ల ఆనవాయితీ; చెప్పుల చప్పుడును బట్టి ఆడవారో మగవారో పోల్చుకోకుండా నేలమీద తివాచీ కూడా పరుస్తారు. ఇంత కఠినంగా ఎంచుకున్నవారే బడులకు వెళతారు, పిల్లల కోసం ప్రత్యేక కచేరీలు చేస్తారు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ తన పిల్లల కచేరీలను 1924 నుంచి క్రమం తప్పని వరుసగా నడిపింది; 1958 నుంచి 1972 వరకు ఆర్కెస్ట్రాను నడిపించే సంగీత నిర్వాహకుడు లెనార్డ్ బెర్న్‌స్టీన్ ఆధ్వర్యంలో అవి టెలివిజన్ ద్వారా లక్షల ఇళ్లకు చేరాయి. పిల్లలు కదా అని వాయింపులో తగ్గించకపోవడమే ఆ కచేరీల మర్యాద. మన సంగీత తరగతికీ నేను కోరుకునేది అదే.

పిల్లలు మీకు తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. కచేరీకి ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక్కటే నిలకడగా ఒక స్వరం పలుకుతుంది, సాధారణంగా సెకనుకు 440 కంపనాలు లేదా అంతకు కాస్త ఎక్కువ. మిగతా వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకుంటాయి. వచ్చే వారం తరగతిలో ప్రతి పిల్లవాడూ, ప్రతి పాపా ఒక వాద్యాన్ని ఎంచుకుని, సింఫనీ మొదటి భాగమంతా దాని వెంటే వింటారు. మీలో ఏ వాద్యమైనా వాయించేవారు, ఒకప్పుడు నేర్చుకుని మానేసినవారు కూడా, ఆ తరగతికి వచ్చి పిల్లల పక్కన కూర్చోవచ్చు. రాదలచినవారు తరగతి ఉపాధ్యాయులకు ముందుగా తెలియజేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు