టిండ్లీ వదిలిన ఖాళీలు

ఒరేయ్ రాజూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, తమ్ముడు కొత్త ఉద్యోగంలో చేరాడు. మిగతావన్నీ మామూలే.

మీ క్వయిర్‌కి 'స్టాండ్ బై మీ' నేర్పుతున్నానని రాశావు కదా, ఆ భక్తి పాట రాసిన అమెరికా నల్లజాతి పాస్టరు చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ సంగతి చెబితే గానీ నా మనసు ఊరుకోదు. 1851లో మేరీలాండ్‌లో పుట్టాడు. తండ్రి బానిస, తల్లి కాదు. అందుకే బిడ్డ కూడా బానిస కాలేదు. చదువు చాలావరకు సొంతంగానే నేర్చుకున్నాడు. ఫిలడెల్ఫియాలో ఇటుకలు మోశాడు, ఓ మెథడిస్టు చర్చి ఊడ్చాడు. 1902లో అదే చర్చికి పాస్టరుగా వచ్చాడురా! నూటముప్పై మంది ఉన్న సంఘం ఆయన చేతుల్లో వేలకి పెరిగింది. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక పాట. 1905 నాటిది. ఆయన బాణీలు ఎక్కువగా అయిదు స్వరాల మీదే నడుస్తాయి: స రి గ ప ద, అచ్చం మన మోహన రాగం. మధ్యలో వదిలిన చోట్లలోకి గాయకులు సాధారణ గాంధారాన్ని, కైశికి నిషాదాన్ని, అంటే కాస్త దించిన గ, ని స్వరాల్ని జారుస్తారు. పాటకి ప్రాణం అక్కడే ఉంది. అచ్చులో ఉన్నది ఉన్నట్టు పాడితే చప్పగా ఉంటుంది, తప్పు టిండ్లీది కాదు.

ప్రతి చరణంలో 'స్టాండ్ బై మీ' మూడుసార్లు వస్తుంది. పుస్తకం చదవలేనివాళ్లు కూడా రెండోసారికే అందుకుంటారు. కాబట్టి 'బతుకులో తుఫానులు రేగినప్పుడు' లాంటి ముందు మాట ఒక్కరే పాడాలి, ఆ మూడు మాటలు అందరూ అందుకోవాలి. మాట అయ్యాక ఊపిరి తీసుకునేంత ఖాళీ వదిలెయ్. కీబోర్డు కుర్రాడు ఆ సందంతా నింపేస్తాడు, చెయ్యి పట్టుకుని ఆపు! వేగం నిమిషానికి 60 దెబ్బలు దాటనివ్వకు. సమయం లేదని చివరి చరణం కొయ్యొద్దు. అది ముసలితనం గురించి, మొదటి నాలుగు చరణాల బాధలన్నీ దాటి అక్కడికి చేరాలి. మన 'గంట మాస్టారు'కి ఆ చరణం ఇవ్వు, ఎందుకో నీకు తెలుసు.

షికాగోలో గాస్పెల్‌ని, అంటే నల్లవాళ్ల చర్చి సంగీతాన్ని నిలబెట్టిన థామస్ డోర్సీ మీద కూడా ఈయన ప్రభావం ఉంది. అన్నట్టు, 'ఐ విల్ ఓవర్‌కమ్ సమ్‌డే' కూడా ఈయనదే. అమెరికాలో నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమంలో పాడిన 'వి షల్ ఓవర్‌కమ్'కి మాట దగ్గరగా ఉంటుంది గానీ బాణీ వేరు, దాని దారి ఎటు నుంచి వచ్చిందంటే... అయ్యో, కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు. మిగతాది తర్వాత రాస్తా. ఆదివారం పాడాక రికార్డింగ్ పంపడం మరిచిపోకు.

నీ
శీను