ప్రధానోపాధ్యాయురాలి లేఖ: పళ్లెం అంచున కొత్తిమీర

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత వారం మధ్యాహ్న భోజన వేళ నాలుగో తరగతి పాప ఒకతె సాంబారులోని కొత్తిమీర ఆకులను ఒక్కొక్కటిగా ఏరి, పళ్లెం అంచున వరుసగా అంటించి, ఆ తరువాతే అన్నం కలుపుకోవడం చూశాను. వడ్డిస్తున్నవారు "అన్నం దగ్గర ఈ పేచీ ఏమిటమ్మా?" అని మందలించగా, "పేచీ కాదండీ, సబ్బు వాసన వస్తోంది" అని కళ్లనీళ్లతో చెప్పింది. ఆ పాప మాట అక్షరాలా నిజం.

కొత్తిమీర ఆకు వాసన ప్రధానంగా ఆల్డిహైడ్లు అనే రసాయనాల వల్ల వస్తుంది. వీటిని పోలినవే సబ్బుల్లోనూ, కంపు కొట్టే కొన్ని పురుగుల్లోనూ ఉంటాయి. మనం రుచి అని పిలిచేదానిలో చాలా భాగం, నములుతున్నప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే. ఆ వాసనను పసిగట్టే గ్రాహకాలు, అంటే ముక్కులో వాసన రసాయనాలను గుర్తించే సూక్ష్మ భాగాలు, అందరికీ ఒకే తీరున ఉండవు. ఆల్డిహైడ్లను బాగా పసిగట్టే గ్రాహకాలలో ఓఆర్6ఏ2 అనే పేరుగలది ఒకటి. దాని జన్యువుకు సమీపంలోని ఒక చిన్న తేడాకూ, కొత్తిమీర సబ్బులా అనిపించడానికీ సంబంధం ఉన్నట్లు 2012లో సుమారు 26 వేల మందిని పరిశీలించిన అధ్యయనం చూపింది. అయితే పుట్టుకతో వచ్చేదాని వంతు ఇందులో తక్కువే; చిన్ననాటి నుంచి ఇంట్లో తిన్న అలవాటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. అదే ఏడాది కెనడాలో వెలువడిన మరో అధ్యయనంలో, కొత్తిమీర నచ్చదన్నవారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం ఉండగా, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతమే ఉన్నారు. రోజూ చారులో, పచ్చడిలో కొత్తిమీర తినే మన ఇళ్లలోనూ అలాంటి పిల్లలు కొందరు ఉంటారన్నమాట.



ఇంట్లో ఒక ప్రయత్నం చేసి చూడండి. ఆకును తరిగి పైన చల్లడానికి బదులు మెత్తగా నూరి కాసేపు ఉంచితే, ఆకులోని ఎంజైములు (రసాయన మార్పులను వేగంగా జరిపించే పదార్థాలు) ఆ ఆల్డిహైడ్లను కొంతవరకు మార్చివేస్తాయి కనుక ఘాటు తగ్గుతుంది. పచ్చి ఆకును ముట్టని పిల్లలు కొందరు రోటి పచ్చడిని ఇష్టంగా తినడం నేను చూశాను. ధనియాలు అదే మొక్క గింజలైనా వాటి వాసన వేరు కాబట్టి, ధనియాల పొడి వేసిన కూరకు వారు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. బలవంతంగా నోట్లో పెట్టడం మాత్రం వద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. భయంతో మింగిన ముద్ద ఆ వాసన మీద అయిష్టాన్ని మరింత పెంచుతుంది.

వచ్చే సోమవారం నుంచి మన భోజనశాలలో కొత్తిమీరను వంటలో కలపకుండా విడిగా చిన్న గిన్నెలో ఉంచుతాము, కావలసినవారు వేసుకుంటారు. మీ పిల్లలకు పుదీనా, కరివేపాకు వంటి మరే ఆకైనా సరిపడకపోతే, డైరీలో ఒక వాక్యం రాసి తరగతి ఉపాధ్యాయులకు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు