ర్యోకాన్‌కి రాత్రి తొమ్మిదికి చేర్చకండి

సంపాదకులకు నమస్కారం.

జపాన్ యాత్రల ప్రకటనల్లో “సముద్రం ఒడ్డున సంప్రదాయ విడిదిలో ఒక రాత్రి, వేడినీటి ఊట స్నానం” అనే మాట తరచు కనిపిస్తోంది. మంచిదే. కానీ పగలంతా మూడు ఊళ్లు తిప్పి ఆ రాత్రిని చివర్న అతికిస్తే, డబ్బు పోసి కొన్నదాంట్లో సగానికి సగం చేజారిపోతుంది. ర్యోకాన్ అనే ఈ సంప్రదాయ విడిది పడుకోవడానికి ఇచ్చే గది కాదు. మధ్యాహ్నం 3 గంటలకు మొదలై మర్నాడు పొద్దున 10 గంటలకు ముగిసే ఒక వరస అది: స్నానం, భోజనం, నిద్ర, మళ్లీ స్నానం, ఫలహారం. అందుకే ధర సాధారణంగా గదికి కాకుండా మనిషి లెక్కన ఉంటుంది. రెండు పూటల తిండితో కలిపి తలకి 15 వేల నుంచి 40 వేల యెన్‌లు ఉండటం మామూలే. దానిపై స్నానపు పన్ను అని మరో 150 యెన్‌లు చాలా ఊళ్లలో పడతాయి. రాత్రి 9కి చేరేవాళ్లు ఇదంతా కట్టి, పరుపు మీద వాలి లేచి వెళ్లిపోతారు.

రాత్రి భోజనం 6కో, 6.30కో, మహా అయితే 7కో మొదలవుతుంది. పది పన్నెండు రకాలు ఆ వేళకి సరిపడేలా ఒకదాని వెనక ఒకటి సిద్ధం చేస్తారు. మూతపెట్టి ఉంచి తర్వాత వేడి చేసి పెట్టే తిండి కాదది. ఇంత వేళ దాటి వస్తే భోజనం ఉండదని చాలాచోట్ల బుకింగులోనే రాస్తారు, ఆ సొమ్ము వెనక్కి రాదు. స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్లే వ్యాను కూడా సాయంత్రం దాకానే తిరుగుతుంది. రైలు తప్పితే ముందు చేయాల్సిన పని విడిదికి ఫోన్ చేయడం. దూరం సాకు కాదు: టోక్యో నుంచి అతామికి షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ముప్పావుగంట, ఒసాకా వైపు నుంచి షిరహామాకి కురోషియో ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటలు. మధ్యాహ్నానికల్లా చేరగలిగిన ఊళ్లే ఇవి.

గదిలోకి అడుగుపెట్టగానే బల్ల మీద టీతో పాటు చిన్న మిఠాయి ఒకటి ఉంటుంది. అది మర్యాదకే కాదు. ఖాళీ కడుపుతో వేడినీళ్లలో దిగితే కళ్లు తిరుగుతాయి కాబట్టి స్నానానికి ముందు తినడానికి పెడతారు. తిని, గ్లాసుడు నీళ్లు తాగి, యుకాతా అనే పలుచటి నూలు అంగీ కట్టుకుని వెళ్లాలి. యుకాతాలో ఎడమ అంచు పైకి రావాలి, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అంతే. కుడి అంచు పైకి వచ్చేలా శవానికి కడతారు, కాబట్టి పొరపాటున అలా కడితే చూసినవాళ్లు ఉలిక్కిపడతారు.

స్నానశాల గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే మనవాళ్లు తడబడేది అక్కడే. ఆ కొలను ఒళ్లు రుద్దుకోవడానికి కాదు, నానడానికి. బట్టలన్నీ బయటి గదిలో బుట్టలో పెట్టేయాలి. స్విమ్‌సూటు, లోదుస్తులు ఏవీ పనికిరావు. చేతిలో ఉండేది చేతిరుమాలు కన్నా కాస్త పెద్దదైన చిన్న తువ్వాలు ఒక్కటే. లోపల గోడ వెంబడి వరసగా కుళాయిలు, ఒక్కోదాని ముందు పొట్టి పీట, చిన్న బేసిన్, సబ్బు, షాంపూ ఉంటాయి. పీట మీద కూర్చునే స్నానం చేయాలి. నిలబడి షవర్ తిప్పితే నురగ నీళ్లు పక్కవాళ్ల మీద పడతాయి. తల, ఒళ్లు కడుక్కుని, నురగ చుక్క మిగలకుండా నీళ్లు పోసుకుని, పీటని, బేసిన్‌ని కూడా కడిగి పెట్టాక కొలను దగ్గరికి వెళ్లాలి. కొలనులోంచి బేసిన్‌తో నీళ్లు ముంచి ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్లు, నడుము, భుజాల మీద పోసుకోవాలి. దీన్ని కకెయు అంటారు. కొలను నీళ్లు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. ఆ వేడి ఒంటికి ఒక్కసారిగా తగలకుండా ఈ కకెయు కాస్త అలవాటు చేస్తుంది. జుట్టు నీళ్లకు తగలకుండా పైకి ముడేయాలి. తువ్వాలును నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిమీద పెట్టుకుంటారు.

మొదటిసారి అయిదు నిమిషాలు చాలు. లేచి గట్టు మీద కాసేపు కూర్చుని మళ్లీ దిగొచ్చు. గుండె దడ మొదలయ్యాక ఇంకాసేపు ఓర్చుకుందామనుకోవడమే ప్రమాదం. లేచేటప్పుడు కూడా నెమ్మదిగా, గట్టు పట్టుకుని లేవాలి. వేడికి రక్తనాళాలు సడలి ఉంటాయి, గబుక్కున నిలబడితే బీపీ పడిపోతుంది. మద్యం తాగాక స్నానం వద్దే వద్దు, భోజనం అయిన వెంటనే కూడా వద్దు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు చలికాలంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. చల్లటి బట్టల గది నుంచి వేడినీళ్లలోకి, అక్కడి నుంచి మళ్లీ చలిలోకి మారేటప్పుడే పెద్దవాళ్లు కుప్పకూలుతుంటారు.

నీళ్ల సంగతి. జపాన్‌లో 1948 నాటి ఒన్సెన్ (వేడినీటి ఊట) చట్టం ప్రకారం ఊట దగ్గర 25 డిగ్రీలు, ఆపైన ఉన్నా, చట్టం పేర్కొన్న 19 పదార్థాల్లో ఒక్కటైనా తగినంత ఉన్నా అది ఒన్సెనే. అంటే ఊట చల్లగా ఉండి తర్వాత కాచినదీ కావచ్చు. ఆ వివరాల పట్టిక బట్టల గది గోడకి ఉంటుంది. “గెన్సెన్ కకెనగాషి” అని ఉంటే ఊట నీళ్లు వస్తూ పొర్లిపోతూనే ఉంటాయి. లేదంటే వడకట్టి, క్లోరిన్ కలిపి తిప్పుతారు. అది మోసమేమీ కాదు, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా క్రిమి పెరగకుండా చేసేది. సముద్రపు ఒడ్డు ఊటలు ఎక్కువగా ఉప్పు ఊటలు. పెదవి మీద పడితే ఉప్పగా తగులుతుంది. ఆ ఉప్పు చర్మం మీద సన్నటి పొరలా నిలిచి చెమటని త్వరగా ఆరనివ్వదు కాబట్టి, బయటికి వచ్చిన గంట తర్వాత కూడా ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. చర్మం సున్నితమైనవాళ్లు మాత్రం చివర్లో మంచినీళ్లు పోసుకోవాలి. ఇనుము ఉన్న ఊటలో తెల్ల తువ్వాలు ఇటుకరంగుకి మారుతుంది. గంధకం వాసన వచ్చేచోట వెండి పట్టీలు, మెట్టెలు తీసేయడం మేలు, కాసేపటికే నల్లబడతాయి.

అందరి ముందూ బట్టల్లేకుండా ఎలా అన్న సంకోచం మనకి సహజం. దానికి మార్గం ఉంది. కషికిరి అని కుటుంబానికి విడిగా ముప్పావుగంట, యాభై నిమిషాలు ఇచ్చే స్నానగది చాలాచోట్ల ఉంటుంది. చేరిన వెంటనే వేళ రాయించుకోవాలి, సాయంత్రం వేళలు ముందే అయిపోతాయి. పచ్చబొట్టు ఉన్నవాళ్లని పెద్ద కొలనులోకి రానివ్వని విడిదులు ఇంకా ఉన్నాయి. వాళ్లకీ ఇదే దారి. చేతినిండా గోరింటాకు ఉంటే చెరిగిపోయేదేనని ముందే చెప్పండి. మరో మాట: గుమ్మం తెర నీలమైతే మగవాళ్లకి, ఎరుపైతే ఆడవాళ్లకి. చాలా విడిదుల్లో రాత్రికి, పొద్దుటికి ఈ రెండూ తారుమారు చేస్తారు. నిన్న వెళ్లిన గుమ్మమే కదా అని పొద్దున్నే దూరిపోకూడదు.

తిండి విషయంలో శాకాహారులకి గట్టి హెచ్చరిక. “చేప వద్దు” అంటే ముక్కలు తీసేస్తారు, రసం మాత్రం అదే ఉంటుంది. దాషి అనే ఆ రసాన్ని ఎక్కువగా ఎండబెట్టి పొగబెట్టిన చేప తురుముతో కాస్తారు. అది మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపులో ఉంటుంది, ఉడికించిన కూరలో ఉంటుంది, నూడుల్స్ ముంచుకునే పులుసులోనూ ఉంటుంది. కాబట్టి కొంబు అనే సముద్రపు నాచుతో మాత్రమే కాచిన దాషి కావాలని, గుడ్డు తినేదీ లేనిదీ, మద్యం కలిసినా ఫరవాలేదా అన్నదీ జపనీస్‌లో రాయించి కనీసం వారం ముందే పంపాలి. ఒడ్డున ఉండే విడిదికి చేపే ప్రాణం, వంటంతా దాని చుట్టూనే అల్లుకుని ఉంటుంది. వెళ్లిన రోజు చెబితే మార్చలేరు. కుదరదని జవాబొస్తే నొచ్చుకోకుండా సుదోమారి, అంటే భోజనం లేని గది తీసుకోవచ్చు. ధరా తగ్గుతుంది.

తాతామి చాప మీదకి చెప్పులు, సూట్‌కేసు చక్రాలు రాకూడదు. చిత్రపటం వేలాడే గూడు సామాను పెట్టుకునే అరుగు కాదు. మరుగుదొడ్డి చెప్పులు అక్కడే విడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మంచం ఉన్న గది, ఎత్తు కుర్చీ ముందే అడిగితే ఇస్తారు. మీరు భోజనానికి వెళ్లినప్పుడు సిబ్బంది వచ్చి పరుపులు వేస్తారు, కాబట్టి విలువైనవి పెట్టెలో పెట్టుకోండి. టిప్పు అక్కర్లేదు.

గది తలుపు వెనక తప్పించుకునే దారి పటం ఉంటుంది. స్నానానికి వెళ్లకముందే మెట్లు ఎటో చూసుకోవాలి. 2024 జనవరి 1న నోతో ద్వీపకల్పంలో వచ్చిన భూకంపానికి అక్కడి వకురా ఒన్సెన్ అనే ఊళ్లో విడిదులన్నీ మూతపడ్డాయి. తీరంలో నేల గట్టిగా కదిలితే సునామీ సైరన్ కోసం చూడకుండా, సామాను వదిలేసి, యుకాతాతోనే ఎత్తైన చోటికి వెళ్లిపోవాలి.

ఆరుబయటి కొలనులకి సముద్రమే గడియారం. షిరహామాలో అలల పక్కనే ఉండే సకి నో యు అనే కొలనుని కెరటాలు పెరిగితే మూసేస్తారు. యకుషిమా దీవిలో హిరౌచి ఊట పోటు వేళ నీళ్లలో మునిగి, ఆటు వేళ మాత్రమే తేలుతుంది. ఇలాంటి చోట్లకి వేళ చూడకుండా బస్సు నడిపితే కనిపించేది ఉప్పునీరే.

యాత్రా సంస్థలకి మీ పత్రిక ద్వారా ఒకటే విన్నపం. ప్యాకేజీ కాగితంలో ర్యోకాన్ పేరు పక్కనే అక్కడికి చేరే వేళ కూడా అచ్చు వేయండి. డబ్బు కట్టబోయేవాళ్లు ఆ అంకె చూడండి. సాయంత్రం 4 దాటి ఉంటే, ఆ రోజు జాబితాలోంచి ఒక ఊరు తీసేయమని అడగండి.

— ఒక పాఠకురాలు