ఒక్క వత్తు

చెన్నై,
ఆదివారం

చి. హారికకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

శుక్రవారం రాత్రి "ఇక ఎవరికీ ఏ కోడూ పంపను నాన్నా" అని ఫోన్ పెట్టేశావు. అప్పటికప్పుడు నాకేమీ తోచలేదు. అందరూ ఉచితంగా వాడుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పు దిద్ది పంపి మూడు వారాలు ఎదురుచూస్తే, దాని బాగోగులు చూసే మెయింటెయినర్ ఒకే ఒక్క వాక్యం రాశాడు: బగ్ ఫిక్స్, అంటే ఆ తప్పు దిద్దిన భాగం, విడిగా, మిగతాది విడిగా పంపమని. థాంక్స్ కూడా లేదు. కష్టంగానే ఉంటుంది. కానీ నువ్వు పంపిన లింక్ తెరిచి చూశాను. కోడ్ నాకు అర్థం కాదు గానీ ఎర్ర గీతలూ పచ్చ గీతలూ లెక్కపెట్టగలను. సరిచేయాల్సింది మూడు లైన్లు. నువ్వు పేర్లు కూడా మారుస్తూ చెయ్యి పెట్టింది పద్నాలుగు ఫైళ్లలో.

ఈ పని నేనూ చేశానమ్మా. 1998లో, ట్రిప్లికేన్ షాపులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే రోజుల్లో, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన శతకం అచ్చుకిచ్చారు. చివరి ప్రూఫులో ఒక్కచోటే ఎర్ర సిరాతో సున్న చుట్టారు. 'బుద్ధి'లో ధ వత్తు పడాల్సిన చోట ద వత్తు పడింది. అది దిద్ది ఊరుకోవచ్చు కదా! ఈ కాలంలో ఇవెవరికి కావాలి, పేజీ శుభ్రంగా కనిపిస్తుందని పుస్తకమంతా అరసున్నలు పీకేశాను. మాస్టారు వచ్చి నాలుగో పేజీ దగ్గర ఆగిపోయారు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుని, "నేనడిగింది ఒక్క వత్తు బాబూ. ఇప్పుడు నూట ఎనిమిది పద్యాలూ మళ్లీ మొదటి నుంచి చదవాలి" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు మా షాపు బెంచీ మీద కూర్చుని చదివారు.

మూడు లైన్లయితే మీ మెయింటెయినర్ అన్నం తినేలోపు చూసేస్తాడు. పద్నాలుగు ఫైళ్లంటే అతని ఆదివారం గల్లంతు. పైగా నువ్వెవరో అతనికి తెలియదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కథ చెప్పావు గుర్తుందా? 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే అందులో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడిందని కళ్లు పెద్దవి చేసి మరీ చెప్పావు. నా మనసులో మాత్రం అతనికంటే ఆ ప్రాజెక్టును ఏళ్ల తరబడి ఒంటరిగా చూసుకున్న మనిషే మిగిలిపోయాడు. మేం పంపిన ప్యాచులు, అంటే దిద్దుబాట్లు, ఎప్పుడు చూస్తావు, కొత్త వెర్షన్ ఎప్పుడిస్తావు అని జనం సతాయించారు. పాపం, అలసిపోయి ఉన్నాడు. సాయానికొచ్చినట్టు రెండేళ్లకు పైగా నటించినవాడి చేతిలో తాళాలు పెట్టాడు. ఆ దొంగదారి పెట్టింది వాడే. నువ్వు ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు గుర్తుచేశావో నేను లెక్కపెట్టాను. నాలుగుసార్లు. ఇక చాలు.

మీ అమ్మయితే "జీతం లేని పనికి ఈ టెన్షన్ ఎందుకు, మానేయమను" అంటోంది. నేను అననులే. మన బీరువాలో పాత సీడీలు ఉన్నాయి చూడు, నేను పదేళ్లు టైప్ చేసిన పుస్తకాలన్నీ వాటిలోనే. ఆ ఫాంట్ అమ్మిన కంపెనీ మూతపడింది. ఇప్పుడు తెరిస్తే తెలుగు ఉండదు, డాలర్ గుర్తులూ కొక్కేలూ వస్తాయి. మాస్టారి శతకం కూడా అందులోనే ఉండిపోయింది. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించేలా చేసిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా మా బోటివాళ్ల బల్లల మీదికి రావడానికి పదేళ్లు పైనే పట్టింది. దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఊరికే వచ్చింది ఎంతకాలం నిలుస్తుందిలే అనుకున్నాను. డబ్బు పోసి కొన్నదే పోయింది.

పోయినేడు నువ్వు అకౌంట్ తెరిచిపెడితే ఒక ఉచిత ఫాంట్ వాళ్లకు నేనూ రాశాను కదా. 'రాష్ట్ర' అని కొడితే ట వత్తు మీదికి ర వత్తు ఎక్కి కూర్చునేది. నా ఇంగ్లీషుకు నాకే సిగ్గేసింది. వాళ్లు అడిగింది మూడే: ఏ వెర్షన్, ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఒక బొమ్మ. అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రెఆఫీస్‌లోనూ ఉండేది ఒకటేనట, తప్పు అందులోదా ఫాంట్‌దా తేల్చుకోవాలన్నారు. తప్పు ఫాంట్‌దే. నాలుగు నెలలకు సరైంది. మొన్న ఒక పెళ్లి శుభలేఖలో 'మహారాష్ట్ర' చక్కగా పడితే ఆ కాగితం రెండుసార్లు ప్రింట్ తీసుకున్నాను, కస్టమర్‌కు చెప్పకుండా.

ఆ మూడు లైన్లు విడదీసి, ఏ పరిస్థితిలో తప్పు వస్తుందో రెండు వాక్యాలు రాసి పంపు. కొత్తవాళ్ల కోసం వాళ్లు పెట్టిన నియమాల ఫైల్ ముందు చదువు. ఆ పేర్ల మార్పు సంగతి తర్వాత అడగొచ్చు, వద్దంటే వదిలెయ్.

మాగాయ సీసా రాత్రి బస్సులో వస్తుంది, మడివాళలో దించుకో. మూత గట్టిగానే బిగించాను. నూనె కారి ఉంటే ఎటువైపు నుంచి కారిందో చూసి ఫోన్ చెయ్యి.

నాన్న