కబాబ్ సమీక్షకు ముందు అంగీఠీ చూడండి

సంపాదకులకు,

మీ ఆదివారం పేజీల్లో హైదరాబాద్ కబాబ్ బళ్ల మీద, గ్రిల్ హోటళ్ల మీద సమీక్షలు వరసగా వస్తున్నాయి. సంతోషమే. అయితే ఒక మాట మాత్రం ప్రతి వారం తప్పకుండా కనిపిస్తోంది: 'నోట్లో వేసుకోగానే వెన్నలా కరిగిపోయింది' అని. మెచ్చుకోలుగానే రాస్తున్నారు. కానీ నిప్పుల దగ్గర పనిచేసేవాళ్లకి అది ఫిర్యాదులా వినిపిస్తుంది. కాల్చిన మాంసం కరగకూడదు. కరిగిందంటే మెత్తబడటానికి వేసే పచ్చి బొప్పాయి ఎక్కువైందనో, అందులో ఎక్కువసేపు నానిందనో అర్థం.

బోటీ కబాబ్‌కి కిలో మటన్‌లో తొక్కతో సహా నూరిన పచ్చి బొప్పాయి 2 టేబుల్ స్పూన్లు, నానడానికి 2, 3 గంటలు చాలు. ఖీమాకు అందులో సగం, గంట చాలు. (బోటీ కబాబ్ అంటే ముక్క కబాబ్. మన ఇళ్లలో వండే బోటి వేరు, అది పేగులు. ఈ రెండూ ఒకటే అనుకుని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు.) బొప్పాయిలో ఉండే పపైన్ అనే ఎంజైమ్ మాంసం పీచును తెంపేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే దాని పని నెమ్మదిస్తుందే గాని ఆగదు. నిప్పుల మీద పెట్టాక మాంసం వేడెక్కే కొద్దీ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. అందుకే మధ్యాహ్నం కలిపి పెట్టి రాత్రి 11 గంటలకు కాల్చిన ముక్క పిండిముద్దలా ఉంటుంది. సరిగ్గా కాలిన బోటీ పంటికి కొంచెం తగిలి, తర్వాత పీచు పీచుగా విడిపోతుంది. సమీక్షలో రాయాల్సింది ఆ తగలడం గురించే.

సీక్ కబాబ్ (చువ్వకు పట్టించి కాల్చే ఖీమా) తినే ముందు చువ్వ చూడాలి. ఖీమా చువ్వ నాలుగు పలకలుగానో, బద్దలాగానో ఉండాలి. సన్నటి గుండ్రటి చువ్వ అయితే తిప్పినప్పుడు చువ్వ ఒక్కటే తిరుగుతుంది, ఖీమా ఉన్నచోటే ఉండి ఒకవైపే మాడుతుంది. అంగీఠీ (బొగ్గుల కుంపటి) మీద జాలీ (ఇనుప వల) కూడా ఉండకూడదు. చువ్వలు రెండు అంచుల మీద ఆనాలి, మాంసం ఏ ఇనుముకీ తగలకుండా గాల్లో కాలాలి. జాలీ మీద పెడితే అతుక్కుని, తీసేటప్పుడు సగం జాలీకే పోతుంది.

కబాబ్ చువ్వ మీంచి జారి నిప్పుల్లో పడుతోందంటే ముందు ఉల్లిపాయను అనుమానించండి. తరిగిన ఉల్లిని గుడ్డలో వేసి నీళ్లు పిండకుండా కలిపి ఉంటారు. తర్వాతి అనుమానం పిసకడం మీద. ఖీమాలో ఉప్పు వేసి, చేతికి జిగురు అంటుకునేదాకా 7, 8 నిమిషాలు పిసకాలి. మాంసాన్ని పట్టి ఉంచేది ఆ జిగురే. పిసికాక గంటసేపు చల్లబెట్టకపోతే కొవ్వు చేతి వేడికే కరిగి పట్టు వదిలేస్తుంది. కిలో ఖీమాలో 200 గ్రాముల దాకా కొవ్వు ఉండాలి. 'కొవ్వు లేని ఆరోగ్యకరమైన సీక్' అని రాసిన చోట దొరికేది ఎండిన గొట్టం. జారకుండా ఉండటానికి పుట్నాల పొడి కలపడం తప్పేమీ కాదు, కిలోకి 2, 3 స్పూన్లయితే. అంతకు మించితే లోపల సాసేజ్‌లా నున్నగా ఉంటుంది. కబాబ్‌ని మధ్యకు విరిచి చూస్తే ఖీమా గింజ కంటికి కనపడాలి.

ఇక బొగ్గు. మన దగ్గర ఎక్కువగా దొరికేది సర్కారు తుమ్మ బొగ్గు. బాగా కాలిన బొగ్గును ఒకదానితో ఒకటి తట్టితే కంచులా మోగుతుంది. సగమే కాలిన బొగ్గు గోధుమరంగులో ఉండి, 'టప్' మంటుంది. దాని పొగకి కళ్లు మండుతాయి, మాంసానికి చేదు పడుతుంది. బొగ్గు అంటుకున్నాక 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. నలుపు పోయి, పైన బూడిద పొర కప్పాక, జానెడు ఎత్తున అరచెయ్యి పెడితే 3, 4 సెకన్లకు మించి ఆపలేనంత వేడి ఉన్నప్పుడు చువ్వ పెట్టాలి. రద్దీలో చాలా బళ్లవాళ్లు పాత నిప్పుల మీదే పచ్చి బొగ్గు కుమ్మరించి, వెంటనే చువ్వలు పేర్చేస్తారు. ఆ పొగను 'స్మోకీ ఫ్లేవర్' అని సమీక్షలో మెచ్చుకోవడం చూస్తుంటాం. ఒక చిన్న పరీక్ష ఉంది. నల్లగా ఉన్న చోట వేలితో రుద్దండి. వేలికి మసి అంటితే అది కొవ్వు కారి మంటలు లేవడం వల్ల పట్టిన మసి. అంటకుండా కరకరలాడితే అది కాలడం.

అల్ ఫహమ్ (అరబీ పద్ధతిలో కాల్చే కోడి) పేరు పెట్టుకున్న చోట బొగ్గు గురించి అడగడం మరీ అవసరం. అరబీలో ఫహమ్ అంటేనే బొగ్గు. చాలాచోట్ల దాన్ని గ్యాస్ గ్రిల్ మీద కాలుస్తున్నారు. గ్యాస్ మీద కాల్చడం నేరం కాదు, పేరే అబద్ధం. వెనక సందులో బొగ్గు బస్తా, బూడిద కుప్ప కనిపించకపోతే ఆ మాటే రాయండి. మండీని కూడా ఇదే లెక్కలో వేసి 'గ్రిల్' అంటున్నారు. అందులో మాంసం అన్నం పైన, మూసిన గుంతపొయ్యిలో ఆవిరికీ వేడికీ ఉడుకుతుంది. మారేడుమిల్లి, అరకు దారుల్లో దొరికే బొంగు చికెన్ కూడా అంతే, పచ్చి వెదురులో తన నీటితోనే మగ్గుతుంది. కాలేది బొంగే.

చికెన్ విషయంలో ఒక తప్పుడు అభియోగం చాలాసార్లు అచ్చవుతోంది: 'ఎముక దగ్గర ఎర్రగా ఉంది, పచ్చిగా వడ్డించారు' అని. ఇప్పటి బ్రాయిలర్ కోళ్లు లేతవి. ఎముకలు పూర్తిగా గట్టిపడవు కాబట్టి మూలుగు రంగు బయటికి ఊరి, పూర్తిగా ఉడికిన ముక్కలో కూడా ఎముక చుట్టూ ముదురు ఎరుపు కనిపిస్తుంది. చూడాల్సింది మాంసాన్ని. అది పాలిపోయి, పీచుగా విడిపోతే ఉడికినట్టు. అద్దంలా మెరుస్తూ, జెల్లీలా సాగితే పచ్చి. అనుమానముంటే 400, 500 రూపాయల్లో ముల్లు థర్మామీటర్ దొరుకుతుంది. ఎముకకు తగలకుండా, లావుపాటి చోట గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. తంగ్డీ (కోడి కాలు) పైన మాడి లోపల పచ్చిగా మిగలడానికి కారణం ఎక్కువగా గాట్లు పెట్టకపోవడమే. ఎముకదాకా రెండు మూడు గాట్లు ఉండాలి.

రంగు సంగతి. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం కబాబ్‌లలో కృత్రిమ రంగులను నిషేధించాక కూడా మన సమీక్షల్లో 'కళ్లు చెదిరే ఎరుపు' పొగడ్తగానే నడుస్తోంది. ఎండుమిర్చి రంగు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కాదు. ముక్కను గాజు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మిర్చి రంగైతే నూనెతో కలిసి పైన తేలుతుంది. నీళ్లన్నీ ఎర్రగానో నారింజగానో మారితే అది డబ్బా రంగు.  తెల్ల మయోనీజ్ ఇస్తే దేంతో చేశారో అడగండి. పచ్చి గుడ్డు మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు.

పత్తర్ కా గోష్త్ (వేడి రాయి మీద కాల్చే మాంసం) గురించి రెండు ముక్కలు. రాయి వేడెక్కడానికి గంట దాకా పడుతుంది.  వేడి చాలకపోతే మాంసం అతుక్కుపోతుంది. రాయి గరుకుగా ఉండాలి. వంటగది గట్టుకి వేసే నున్నటి పలకల్లో చాలావాటికి రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) పూత ఉంటుంది, వాటి మీద మాంసం కాల్చకూడదు. పెనం మీద వండి, వేడి రాయి మీద పెట్టి తెచ్చేవాళ్లూ ఉన్నారు. ముక్క చుట్టూ మసాలా గ్రేవీలా చేరి ఉంటే రాయి అలంకారమే.

చివరగా, సమీక్షకు వెళ్లే పద్ధతి. ఒక్క సాయంత్రంతో తీర్పు చెప్పొద్దు. 7 గంటలకు ఒకసారి, మరో వారం 10 దాటాక ఒకసారి వెళ్లాలి. అదే బండి రెండు బళ్లలా కనిపిస్తుంది. రంజాన్ నెలలో చూసింది మిగతా 11 నెలలకు వర్తించదు. మొదటి సీక్ పుదీనా చట్నీ లేకుండా, నిమ్మకాయ పిండకుండా తినాలి. బిర్యానీ ఆ పూటకి వద్దు. ప్లేటుకు ఎన్ని చువ్వలు, జానెడా బెత్తెడా, ధర ఎంత, 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు గోడ మీద ఉందా లేదా, వెళ్లిన తేదీ, సమయం, బిల్లు ఎవరు కట్టారు అన్నవి సమీక్ష పైనే అచ్చువేయండి. రెండు లైన్లు పడతాయి. ఫొటో ఒక అంగుళం తగ్గిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్